ప్రాజెక్టుకు ఊరు ఎంచుకునే ముందు

చిరంజీవి లావణ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. డిగ్రీ ప్రాజెక్టుకు నువ్వు ‘ప్రకాశం జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య, ప్రజాజీవనంపై ప్రభావం’ అని పేరు పెట్టుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పేరు ఘనంగానే ఉంది. కానీ జిల్లా అంతా తిరిగేసరికి నీ తర్వాతి బ్యాచ్ కూడా పాసై వెళ్లిపోతుంది. ఒక్క ఊరు తీసుకో. అందులో ఒక్క ప్రశ్న పట్టుకో: ఈ ఊళ్లో ఏ వీధివాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారు, ఏ నీళ్లతో వండుతున్నారు, ఎందుకు? జాగ్రఫీ చెప్పినన్నాళ్లూ నా చేతికొచ్చిన ప్రాజెక్టుల్లో చదవబుద్ధయినవన్నీ ఇట్లా ఒక ఊరికి కట్టుబడ్డవే.

జిల్లా పేరుతో ఇంకో చిక్కుంది. మా కందుకూరునే చూడు. 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా కొత్తగా వస్తే అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు మార్చారు. 2022 ఏప్రిల్లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇన్ని మారినా మా వీధిలో ఒక్క ఇల్లూ కదల్లేదు! ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లతో పళ్లు, ఎముకలు చెడే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు గదా, మన దేశంలో మనుషుల్లో ఆ జబ్బు మీద తొలి పరిశోధనల్లో ఒకటి 1937లో వచ్చింది. అందులో ‘నెల్లూరు జిల్లా’ అనే ఉంటుంది. అది చూసి పెన్నా కింద వరిచేలు అనుకునేవు, వాళ్లు చెప్పింది అప్పట్లో నెల్లూరులోనే ఉన్న దర్శి, పొదిలి వైపు మెట్ట గురించి. అందుకని 2011 జనాభా లెక్కల్లోని జిల్లా అంకెను తెచ్చి ఇప్పటి జిల్లా పక్కన పెట్టొద్దు. సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఊరివారీ లెక్కలుంటాయి, అవే తీసుకో, పక్కనే గ్రామ కోడ్ కూడా రాసుకో. 1985కు ముందు కాగితాల్లో మండలాలుండవు, తాలూకా పేరుతో వెతకాలి.

ఊరికి వెళ్లాక మొదటి రోజు ఎవర్నీ ఏమీ అడక్కు. ఊరంతా నడిచి నీ చేత్తో పటం గీయి. బోర్లు, చేతిపంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకు, నీళ్లు శుద్ధిచేసి క్యాన్లలో అమ్మే ప్లాంటు, కుళాయి చివరి ఇల్లు అన్నీ గుర్తుపెట్టు. ఇంటికొచ్చాక సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల వివరమైన పటం (టోపోషీటు), ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైటులోని ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి సరిచూసుకో. ఫోన్లో లొకేషన్ ఎటూ వస్తుంది. అయినా ముందు కాగితం మీద గీసినవాళ్లకే పైపు ఎక్కడ ఆగిపోయిందో కంటికి ఆనుతుంది. ఎస్టీ కాలనీ చాలాసార్లు పైపు ఆగిన చోటికి అవతలే ఉంటుంది. సర్వే పిల్లలేమో రామాలయం వీధిలో కూర్చుని, కాఫీ తాగి, ఫారాలు నింపుకుని వచ్చేస్తారు. ఆ కాలనీలో యానాదుల ఇళ్లకు పోకుండా ఊరి నీళ్ల సంగతి రాస్తే నేను మాత్రం చదవను.

ఇక ప్రశ్నలు. ‘మీకు నీటి సమస్య ఉందా?’ అంటే ఏ ఊళ్లోనైనా ఉందనే అంటారు. అట్లా కాదు. ‘ఈ పొద్దున తాగిన నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చారమ్మా? ఎవరు తెచ్చారు? క్యాను ఎంతకు పోస్తున్నారు?’ అని అడుగు. తర్వాత, ‘అన్నం ఏ నీళ్లతో వండారు?’ అని అడుగు. అసలు సంగతి అక్కడుంది. తాగడానికి క్యాను కొన్న ఇంట్లోనే బియ్యం, పప్పు బోరునీళ్లలో ఉడుకుతుంటాయి. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ గాఢత పెరుగుతుంది. క్యాన్ల లెక్క ఒక్కటే చూసినవాళ్లకు ఈ ఇల్లు గట్టెక్కినట్టే కనిపిస్తుంది. వంటింటి దాకా వెళ్తేనే మనిషికీ నేలకీ ఉన్న లంకె తెలుస్తుంది, నీ సబ్జెక్టే అది గదా.

మగవాళ్లను అడిగితే క్యాను ధర చెబుతారు, బిందె ఎవరు మోశారో చెప్పరు. ఆడవాళ్లు ఉపాధి పనికి పోయి వచ్చాక, సాయంత్రం వంటకు ముందు కాస్త తీరిక దొరుకుతుంది, అప్పుడు వెళ్లు. పక్కన ఊరి పెద్దమనిషి కూర్చుంటే మర్యాదగా ఇంకోసారి వస్తానని లేచి వచ్చెయ్. పేర్లు, డోర్ నంబర్లు రిపోర్టులో వద్దు. పిల్లల గారపళ్లు, వంకర కాళ్లు ఫోటో తియ్యొద్దు, ఎంత బతిమాలినా. ఫలానా ముసలాయన మోకాళ్ల నొప్పికి ఫ్లోరైడే కారణమని రాయడం కూడా నీ పని కాదు, డాక్టరు పని.

నీళ్ల శాంపిల్‌కు గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌ది తీసుకో. బోరు కాసేపు ఆడనిచ్చి, ఆ నీళ్లతోనే సీసా తొలిచి నింపు. తేదీ, చోటు, బోరు లోతు సీసా మీదే రాయి. తాగునీటికి మన భారత ప్రమాణంలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. నీ ఫలితాన్ని ఈ రెంటితోనూ పోల్చు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా, మేలో తీసిన శాంపిల్ మే నెల సంగతే చెబుతుంది. వానల తర్వాత అదే బోరు దగ్గర ఇంకోటి తీస్తే నీ ప్రాజెక్టుకు బరువొస్తుంది.

ఇంటర్నెట్ షాపుల్లో కవరుతో సహా రిపోర్టులు అమ్ముతున్నారని తెలుసు. ఆ పక్కకు పోవద్దు, అంతే.

రాసేటప్పుడు ఎన్నిళ్లు అడిగావో, ఏ వీధి వదిలేశావో మొదట్లోనే చెప్పు. ఫలితాలు వచ్చాక ఒక పేజీలో తేలిక తెలుగులో రాసి ఆ ఊరి సచివాలయంలో ఇచ్చిరా. ఏ బోరు నీళ్లు వంటకు పనికిరావో ఆ ఊరివాళ్లకు తెలియాలి.

ముందుగా గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు పోయి శాంపిళ్లు ఏ రోజుల్లో తీసుకుంటారో కనుక్కో. కాలేజీ లెటర్‌హెడ్ మీద మీ హెచ్చోడీ సంతకంతో ఉత్తరం అడుగుతారు, రెండు కాపీలు చేయించి పెట్టుకో. ప్రశ్నల కాగితం తయారైతే వాట్సాప్‌లో పంపు, ఎర్ర పెన్ను నా దగ్గర ఇంకా ఉంది.

ఇట్లు,
మీ పెదనాన్న
కందుకూరు