ఆఫీసుకు తాళం పడ్డాక

ప్రశ్న: మావారి రిటైర్మెంటు డబ్బులో ఆరు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తామన్న ఒక కంపెనీలో పెట్టాము. దాని హెడ్డాఫీసు విజయవాడలో, బ్రాంచి గుంటూరు బ్రాడీపేటలో ఉండేవి. ఎనిమిది నెలలు వడ్డీ సక్రమంగా ఇచ్చి, తరువాత రెండు చోట్లా తాళాలు వేశారు. నాలుగు లక్షలు బ్యాంకు ద్వారా, రెండు లక్షలు నగదుగా కట్టాము. కట్టించినది మా చెల్లెలి భర్తే. పోలీసుల దగ్గరకు వెళితే అసలు కూడా రాదని, బాండ్లు తనకిస్తే సెటిల్‌మెంట్ చేయిస్తానని అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా బాండ్ల సంగతి చెబుతాను. ఎవరు అడిగినా, ఏ కారణం చెప్పినా, అసలు బాండ్లనూ రసీదులనూ చేయి దాటనివ్వవద్దు. అవసరమైతే జిరాక్సు కాపీలు మాత్రమే ఇవ్వండి. విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించి, తిరిగి చెల్లించని అగ్రిగోల్డ్ కంపెనీ డిపాజిటర్లకు రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో 10,000 రూపాయల లోపు వారికి, 2021 ఆగస్టులో 20,000 లోపు వారికి చెల్లింపులు జరిపింది. అటువంటి రోజు మీ విషయంలో వచ్చినప్పుడు మీ పక్షాన మాట్లాడేవి ఆ కాగితాలే.

పోలీసుల దగ్గరకు వెళితే డబ్బు రాదన్న మాట నమ్మదగినది కాదు. మీరు ఆగిన ప్రతి వారమూ కంపెనీ వారికి తమ స్థలాలు అమ్ముకోవడానికీ, బినామీల పేర్లకు మార్చుకోవడానికీ దొరికిన గడువే అవుతుంది. 1999 నాటి రాష్ట్ర డిపాజిటర్ల రక్షణ చట్టం, 2019 నాటి కేంద్ర చట్టం ఇటువంటి సంస్థల ఆస్తులను జప్తు చేసి, ప్రత్యేక న్యాయస్థానం ద్వారా డిపాజిటర్లకు పంచే వీలు కల్పించాయి. దీనికి ఏళ్లు పట్టవచ్చు, మొత్తం సొమ్ము రాకపోనూ వచ్చు. కానీ ఫిర్యాదు లేనిదే ఆ దారి తెరుచుకోదు.

ఫిర్యాదు మీవారి పేరుతో విడిగా, రాతపూర్వకంగా ఇవ్వండి. బ్యాంకు స్టేట్‌మెంటుతో పాటు, నగదు కట్టడానికి డబ్బు డ్రా చేసిన పాస్‌బుక్ పేజీ, రసీదు, వాట్సాప్ సందేశాలు, కరపత్రాలు జతపరచండి. అందిన ఎనిమిది నెలల వడ్డీని కూడా దాచకుండా రాయండి. దాస్తే తరువాత బయటపడి, మిగతా మాటలపైనా అనుమానం కలుగుతుంది. హెడ్డాఫీసు విజయవాడలో ఉంది కనుక అక్కడికే వెళ్లమని గుంటూరులో తిప్పి పంపబోతే, నేర విచారణ పద్ధతులు చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయవలసిందేనని మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ తీసుకోకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, ఫలితం లేకుంటే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

కంపెనీ వారు చెక్కులిచ్చి ఉంటే వెంటనే వాటి తేదీలు చూడండి. తేదీ నుంచి మూడు నెలల లోపు బ్యాంకులో వేయాలి. చెల్లకుండా తిరిగివస్తే, ఆ సమాచారం అందిన 30 రోజుల లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆపై నెల లోపు కేసు వేయాలి.

కొంత రుసుము కడితే పోయిన డబ్బు వెనక్కి తెప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేయవచ్చు. మోసపోయిన వారి జాబితాలు చేతులు మారుతుంటాయి. అది రెండో మోసం. ఒకవేళ ఆన్‌లైన్‌లో అలా డబ్బు పోతే, గంటలు గడవకముందే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

ఇక మీ మరిదిగారి మాట. ఇది మీకు అన్నిటికన్నా బరువైన విషయమని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఆయన తెలిసి కట్టించారో, తాను కూడా మోసపోయారో దర్యాప్తు తేల్చవలసిన సంగతి. మీరు జరిగినది జరిగినట్టు రాస్తే చాలు, ఆయన పేరు దాచవద్దు, లేనిది అంటగట్టవద్దు. ఆయన సొమ్మూ అందులో ఉంటే, తన కమీషన్ వివరాలతో సహా స్వయంగా ఫిర్యాదు చేయడమే ఆయనకూ మేలు. వకీలు ఫీజు గురించి వెనుకాడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది కనుక, మీ తరఫు దరఖాస్తును గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇవ్వవచ్చు.