గుమ్మం చూపని పటం

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి,

మన జిల్లాలో ఆడవాళ్లూ, హిజ్రాలూ, ఆడామగా జంట అనే మూసలో ఇమడని క్వీర్ పిల్లలూ ఒకరినొకరు ఎలా కనిపెట్టుకుని ఉంటున్నారో పటం మీదికి ఎక్కించాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఆస్పత్రి ప్రతి పటంలోనూ ఉంటుంది. అక్కడినుంచి వచ్చిన మనిషికి పది రోజులు వండి పెట్టిన ఇల్లు ఏ పటంలోనూ లేదు.

అయితే ఎవరి జాడ ఎంతవరకు చెప్పవచ్చో ముందే తేల్చుకో. చాలా ఏళ్ల కిందట మా సంఘంలో, భర్త దెబ్బలకు తాళలేక వచ్చినవారికి రాత్రిపూట తలుపు తీసే ఇళ్లను వీధి పేర్లతో సహా ఒక నోటుబుక్కులో రాసుకున్నాము. అది చేతులు మారి, చివరకు ఒకామె భర్తే ఆ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ తలుపు మళ్లీ ఎవరికీ తెరుచుకోలేదు. ఆ తప్పు మాదే. ఇక హిజ్రాల సంగతి: అనుమానం పేరుతో వారి పేర్లూ నివాసాలూ రిజిస్టరులో ఎక్కించమన్న నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లోనే. జాబితా అనగానే వారు వెనకాడితే నొచ్చుకోకు.

అక్షాంశ రేఖాంశాలలో ఐదు దశాంశ స్థానాలు ఉంచితే సుమారు మీటరు తేడాతో మనిషి గుమ్మం ముందుకు చేరుస్తాయి; రెండే ఉంచితే కిలోమీటరు చుట్టుపక్కల అని మాత్రమే తెలుస్తుంది. ఇళ్లకు రెండు చాలు. ఎవరైనా చేర్పులు చేయగల ఇంటర్నెట్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించినది అందరికీ కనిపిస్తుంది, తీసేసినా పాత మార్పుల చరిత్రలో మిగులుతుంది కనుక, కుళాయిలు, మరుగుదొడ్ల వంటి అందరి చోట్లనే అందులో చేర్చు.

వేళ కూడా రాసుకో. మా వీధి చివర ఇడ్లీలు అమ్మే ఒకామె తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తుంది. రాత్రి బస్సు దిగిన ఒంటరి ఆడపిల్లయినా, ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టిన హిజ్రా అయినా తెల్లవారేదాకా ఆ పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చోవచ్చు. ఎందుకొచ్చావని ఆమె అడగదు. నువ్వు పదింటికి జీపీఎస్ పట్టుకుని వెళితే అక్కడ బూడిద తప్ప ఏమీ కనిపించదు.

పటం మొదట వారి చేతనే ముగ్గుపిండితో నేల మీద గీయించు. వారు చేత్తో చెరిపేసినది నీ కంప్యూటరులోకి ఎక్కకూడదు.

వచ్చే వారం రా తల్లీ. ఆ పొయ్యి దగ్గరికి నేనే తీసుకువెళతాను. ఆ మొదటి రోజు ఫోను ఇంట్లోనే పెట్టి రా.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ