ప్రిన్స్‌టన్ యుద్ధభూమిలో ఏం చూడాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటికి దగ్గర్లో ప్రిన్స్‌టన్ యుద్ధక్షేత్రం పార్కు ఉంది. ఆ తెల్ల స్తంభాలు యుద్ధం నాటివేనా? మనవడు మెటల్ డిటెక్టర్ తెస్తానంటున్నాడు.
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: స్తంభాలు ఇక్కడ జరిగిన అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటివి కావు. ఫిలడెల్ఫియాలోని ఒక భవంతివి, చాలా తర్వాత తెచ్చి నిలిపారు. అయినా వాటి వెనక్కి వెళ్లండి. 21 మంది బ్రిటిష్, 15 మంది అమెరికన్ సైనికులను కలిపి పూడ్చిన చోటు అదే. 1777 జనవరి 3 నాటి పోరుకు అసలు సాక్షి, 1772లో కట్టిన క్లార్క్ ఇల్లు. అమెరికన్ సేనాని జనరల్ మెర్సర్ ఆ పోరులో తగిలిన గాయాలతో తొమ్మిది రోజులకు అందులోనే చనిపోయాడు. ఆయన పేరిటి ఓక్ చెట్టు 2000లో కూలింది. ఇప్పుడున్నది దాని గింజ మొక్కే.

డిటెక్టర్ మాత్రం వద్దు, అనుమతి లేకుండా వాడకూడదు. నేలలో దొరికే తూటాల్లో గుండ్రంగా ఉన్నది సాధారణంగా పేల్చకుండానే చేజారింది, నలిగినది పేల్చింది. అవి ఎక్కడెక్కడ దొరికాయో గుర్తిస్తేనే సేనలు నిలిచిన వరుస తెలుస్తుంది. పెరికి జేబులో వేసుకుంటే మిగిలేది సీసం ముక్క.

వీలైతే చలికాలంలో వెళ్లండి. ఆకులు రాలితే నేల ఎత్తుపల్లాలు తేటగా కనిపిస్తాయి. వేసవిలో గడ్డిలో పిడుదులుంటాయి. ప్యాంటు అంచులు సాక్సులో దోపుకొని, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనుక చూసుకోండి.