బండి సందేహాలు: లోపాలున్న డస్టర్ కొనొచ్చా?

ప్రశ్న: 2014 మోడల్ రెనో డస్టర్ డీజిల్, 110 పీఎస్ శక్తి ఉన్న ఇంజన్. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. అమ్మే ఆయన మా బాబాయి స్నేహితుడు కాబట్టి దాచకుండా అన్నీ చెప్పారు: టైమింగ్ బెల్ట్ మార్చినట్టు బిల్లు లేదు, క్లచ్ గట్టిగా ఉంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతోంది, గతుకుల్లో ముందు వైపు టకటకమని శబ్దం. ధర 3,40,000 అంటున్నారు. మా మెకానిక్ టైమింగ్ కిట్‌కు 14,000, క్లచ్‌కు 18,000, ఏసీ గ్యాస్‌కు 2,500, సస్పెన్షన్‌కు 9,000, మొత్తం 43,500 అవుతుందన్నాడు. కొనొచ్చా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొనొచ్చు. కానీ ఆ 43,500 నమ్ముకుని కాదు. చెప్పిన నాలుగు లోపాల్లో రెండింటికి కారణం ఇంకా తేలలేదు. కారణం తేలనంతవరకు దానికి ఖర్చు ఎంతో ఎవరూ చెప్పలేరు.

ముందు టైమింగ్ బెల్ట్ సంగతి. ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వులు లయ తప్పకుండా కదిలేలా చూసే పళ్ల బెల్ట్ ఇది. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. కిలోమీటర్లు పక్కన పెట్టినా, రబ్బరు వయసే పదేళ్లు దాటింది. డస్టర్‌లోని 1461 సీసీ కే9కే ఇంజన్‌లో ఈ బెల్ట్ తెగినా, పళ్లు జారినా పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి, ఇంజన్ పై భాగమైన హెడ్డు దించాల్సి వస్తుంది. అందుకే బండి చేతికొచ్చాక మొదటి పని ఇదే. ఇది కాకుండా దూర ప్రయాణం పెట్టుకోవద్దు. కిట్ అంటే బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మాత్రమే కాదు, వాటర్ పంప్ కూడా ఈ బెల్ట్‌తోనే తిరుగుతుంది. పంప్ బేరింగ్ పట్టేసినా, కూలెంట్ కారి బెల్ట్ మీద పడినా కొత్త బెల్ట్ కూడా పోతుంది. మీ మెకానిక్ చెప్పిన 14,000లో పంప్ ఉందో లేదో అడగండి. బయట ఆల్టర్నేటర్‌ను తిప్పే డ్రైవ్ బెల్ట్‌ను, దాని టెన్షనర్‌ను కూడా ఆ పనిలోనే మార్పించండి. ఈ ఇంజన్‌లో డ్రైవ్ బెల్ట్ అంచులు చిట్లితే ఆ పోగులు క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) పుల్లీ వెనకగా టైమింగ్ కవర్‌లోకి దూరి, లోపలి బెల్ట్‌ను పళ్లు తప్పిస్తాయి. చిన్న బెల్ట్‌కు కక్కుర్తి పడి ఇంజన్ పోగొట్టుకునేది ఇలాగే. పని చేసేటప్పుడు క్రాంక్‌ను, వాల్వులను తెరిచే క్యామ్‌ను లాకింగ్ పిన్నులతో బిగించాలి. ‘సున్నంతో గుర్తు పెట్టి మార్చేస్తాను’ అనే చోట చేయించకండి.

రెండోది క్లచ్. మీ లెక్క తప్పేది ఇక్కడే. 85 పీఎస్ డస్టర్‌లో ఉండేది మామూలు ఫ్లైవీల్ (ఇంజన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రం). 110 పీఎస్‌లో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. లోపల స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండే ఆ ఫ్లైవీల్ ఖరీదు క్లచ్ సెట్‌ను మించుతుంది. 18,000లో అది ఉండే అవకాశం లేదు. అది బాగుందో లేదో గేర్‌బాక్స్ దించితేగాని పక్కాగా తెలియదు, అయినా ముందే కొంత పసిగట్టొచ్చు. ఇంజన్ ఐడిల్‌లో (బండి ఆగి, ఇంజన్ మాత్రం నడుస్తూ) ఉండగా గేర్‌బాక్స్ వైపు గలగల వినిపించి, క్లచ్ తొక్కగానే ఆ శబ్దం మారితే, ఇంజన్ ఆపేటప్పుడు బండి ‘దడ్’మని ఊగితే, ఫ్లైవీల్ అరిగిందనే అనుమానించాలి. ప్లేటు జారుతోందా అని చూడటానికి ఖాళీ రోడ్డు మీద ఐదో గేర్‌లో 60 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. టర్బో అందుకునే వేళకు ఆర్‌పీఎం ఎగబాకి, వేగం మాత్రం పెరగకపోతే ప్లేటు అయిపోయింది. పెడల్ గట్టిపడటం కూడా ప్లేటు అరుగుదలకు గుర్తే. క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ లోపలుండే స్లేవ్ సిలిండర్‌ను (పెడల్ ఒత్తిడిని ఆయిల్ ద్వారా క్లచ్‌కు అందించేది) వదిలేయకండి. తర్వాత అది కారితే మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే, కూలీ రెండోసారి కట్టాల్సిందే. ఈ బండిలో బ్రేకుకూ క్లచ్‌కూ ఆయిల్ డబ్బా ఒక్కటే కాబట్టి, బ్రేక్ ఆయిల్ తరచూ తగ్గుతోందా అని అమ్మే ఆయన్ని అడగండి.

ఏసీని మీ మెకానిక్ ‘గ్యాస్’ అని తేల్చేశాడు. నడుస్తుంటే చల్లగా ఉండి, ఆగితే తగ్గుతోందంటే మొదట చూడాల్సింది ర్యాడియేటర్ ఫ్యాన్. ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడండి. కాసేపట్లో ఫ్యాన్ తక్కువ వేగంతో తిరగాలి. తిరగకపోతే ఆ వేగానికి ఉండే రెసిస్టర్ కాలిపోయి ఉండొచ్చు. అది చిన్న ఖర్చు, కంప్రెసర్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. భయపడాల్సింది ఇంకొకటుంది. అదే ఫ్యాన్ ఇంజన్‌నూ చల్లబరుస్తుంది. ఎన్నాళ్లుగానో ఫ్యాన్ సరిగా తిరగక, ట్రాఫిక్‌లో ఇంజన్ మరిగి, హెడ్ గాస్కెట్ (ఇంజన్‌కూ హెడ్డుకూ మధ్య ఉండే సీలు) దెబ్బతిని ఉంటే? ఏసీ గురించి చెప్పిన ఆయనకు ఇది తెలియకపోవచ్చు. కాబట్టి స్కానర్ (బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే పరికరం) పెట్టి, ఏసీతో ఇరవై నిమిషాలు ఐడిల్‌లో ఉంచి కూలెంట్ వేడి చూడండి. 90 డిగ్రీల చుట్టూ నిలబడాలి. 100 దాటి ఎక్కుతూనే ఉంటే ఇంజన్ ఆపేయండి. మర్నాడు ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలకే పై హోసు రాయిలా బిగుసుకుంటే గాస్కెట్ గుండా ఒత్తిడి కూలెంట్‌లోకి వెళ్తున్నట్టే. అలా కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఈ బండి వద్దు.

సస్పెన్షన్ శబ్దానికి దిగులక్కర్లేదు. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంటింగ్‌లు ఈ వయసు బండికి మార్చాల్సినవే. 9,000లో షాకప్‌లు కూడా కలిశాయా అని మాత్రం కనుక్కోండి.

ఆయన చెప్పని విషయాలూ చూడాలి. రాత్రంతా ఆగిన బండిని మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వెళ్లండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. ఐడిల్‌లో ఆయిల్ మూత వదులు చేస్తే బుసబుసమని పొగ తన్నుకొస్తోందంటే బోరు, రింగులు అరిగాయి. స్కానర్‌లో ఎర్రర్ కోడ్లు ఏవీ లేవని సంతోషించకండి. కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా స్కానర్లు చూపిస్తాయి. అక్కడ 12 అని ఉంటే, ఎవరో నిన్న చెరిపారు.

ధర మాట్లాడేటప్పుడు ఫ్లైవీల్ పోయిందనే అనుకుని, దాని కొటేషన్ రాయించుకుని తగ్గించమనండి. గేర్‌బాక్స్ దించాక అది బాగుంటే ఆ డబ్బు ఆయనకు తిరిగిస్తామని ముందే మాటనుకోవచ్చు, తెలిసినవాళ్లే కదా. ఇంకొకటి, సొంత బండి ఆర్‌సీ పదిహేనేళ్లకే. 2014 రిజిస్ట్రేషన్ అంటే 2029 వరకు. ఆ తర్వాత ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్ ఉంటాయి. విడిభాగాలకు మాత్రం బెంగ లేదు. ఇదే ఇంజన్ నిస్సాన్ టెర్రానోలో, రెనో లాడ్జీ, క్యాప్చర్‌లలోనూ వచ్చింది.

ప్రశ్న: ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న డీజిల్ ఎస్‌యూవీ ఇక్కడి ధరకంటే బాగా తక్కువకు ఇస్తామంటున్నారు. ఎన్‌ఓసీ (బండిని వేరే ఆర్టీఓకు మార్చుకోవడానికి ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఉందట. తీసుకోవచ్చా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: తక్కువకు రావడానికి కారణం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను ఢిల్లీ పరిసరాల్లో తిప్పకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, 2025లో కొంత సడలించింది. కాబట్టి ధరను చూసి దొంగబండి అనుకోనక్కర్లేదు. అయితే ‘ఎన్‌ఓసీ ఉంది’ అనే మాట దగ్గర ఆగిపోకండి. ఎన్‌ఓసీ ఇచ్చే ఫారం 28 మీద ఏ ఆర్టీఓ పేరుందో చూడండి. మీ జిల్లాకు కాకుండా వేరేచోటికి ఇచ్చి ఉంటే తిరుగుడు మీకే. ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీద, ఆర్‌సీలో, ఎన్‌ఓసీలో ఒక్కటిగా ఉండాలి. లోన్ ఉండి ఉంటే, అది తీరిందని చూపే ఫారం 35 తీసుకోండి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఎంత పడుతుందో అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీఓలో కనుక్కుని, ధరకు కలిపి చూడండి. ఆ కలిపిన మొత్తం లోకల్ బండి ధరకు దగ్గరగా వస్తే లోకల్ బండే మేలు. కొంత సొమ్ము మాత్రం రిజిస్ట్రేషన్ మారేదాకా చేతిలోనే ఉంచుకోండి.

ప్రశ్న: విజయవాడ బండి, 2021 క్రెటా డీజిల్. 2024 సెప్టెంబర్ వరదలో ‘టైర్ల వరకే నీళ్లొచ్చాయి’ అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?
– పాఠకుడు, ఏలూరు

జవాబు: బయట కడిగి పాలిష్ పెడతారు, అక్కడ చూసి లాభం లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. రీలు దగ్గర చుట్టుకుని ఉండే భాగంలో మట్టి చార కనిపిస్తే నీళ్లు టైర్ల దగ్గర ఆగలేదు. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి కింది పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. డిక్కీలో స్టెప్నీ కింది గుంతలో ఒండ్రు ఉందా, హెడ్‌లైట్ లోపల నీటి గీత ఉందా చూడండి. కార్పెట్ ఎత్తి, కింద వైరింగ్ కనెక్టర్ విప్పితే పిన్నులు పచ్చగా మారాయా తెలుస్తుంది. ఈ పచ్చదనమే అసలు సమస్య. ఈరోజు అన్నీ పనిచేస్తాయి, ఏడాది తిరిగేసరికి ఒక్కో సెన్సరే మొరాయిస్తుంది. సీట్ల మధ్య కన్సోల్ కింద ఉండే ఎయిర్‌బ్యాగ్ యూనిట్ తడిస్తే అది ప్రాణాలతో ముడిపడ్డ లోపం. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని క్షణాలకు ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని పీకేసి ఉండొచ్చు.

గేర్‌బాక్స్ ఫిల్లర్ బోల్టు విప్పి ఆయిల్ పాలలా తెల్లబడిందా చూడమనండి. పాత పాలసీలన్నీ అడిగి తీసుకుని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) గడి చూడండి. ఓనర్ మారకుండా, వరద తర్వాత రెన్యువల్‌లో అది ఒక్కసారిగా సున్నా అయితే క్లెయిమ్ జరిగినట్టే. సున్నా కాలేదని మాత్రం ధీమా పడకండి. ఇంజన్ రక్షణ కవర్ లేనివాళ్లు చాలామంది క్లెయిమ్ జోలికి పోకుండా బయటే బాగు చేయించుకుంటారు.