కుళాయి బిగించడం తేలికే, పాతది ఊడదీయడంలోనే ఉంది పనంతా

మీరు అడిగింది ఇది: బాత్రూం కుళాయి కారుతోంది, వీడియోలో పది నిమిషాల్లో మార్చేశారు, ప్లంబర్‌ని పిలవకుండా నేనే మార్చుకోవచ్చా? ఇలాంటి చిన్న రిపేర్లు పెద్దవి ఎందుకవుతాయి?

మార్చుకోవచ్చు. కానీ వీడియోలో కనిపించేది చాలావరకు కొత్త పైపు, ఈమధ్యే బిగించిన కుళాయి. అది చేత్తో తిప్పినా ఊడి వస్తుంది. మన ఇళ్ళలో ఉండేది పదిహేను ఇరవై ఏళ్ళుగా బోరు నీళ్ళలో నానిన కుళాయి. కొత్తది బిగించడం నిజంగానే పది నిమిషాల పని. రోజు తినేసేది పాతదాన్ని ఊడదీయడం, అందులోనూ అది ఏ మరలో కూర్చుందో ఆ మర పాడవకుండా ఊడదీయడం. ఇంటి పనైనా బండి పనైనా నేను చూసినంతలో కష్టమంతా ఈ ఒక్కచోటే వచ్చింది.

ఖమ్మంలో మా అమ్మానాన్నల ఇల్లు 1990లలో కట్టింది. అప్పట్లో గోడల్లో జీఐ పైపులే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులే వేసేవారు. మరకు జనపనార చుట్టి, సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి బిగించేవారు. పైపు ఇనుము, కుళాయి ఇత్తడి. రెండు వేరు లోహాలు తడిలో ఆనుకుని ఉంటే అందులో ఇనుము తొందరగా తుప్పు పట్టి అరిగిపోతుంది. పైగా పైపుకి మర కోసినప్పుడు అక్కడి జింకు పూత పోతుంది కాబట్టి తుప్పు మొదలయ్యేది కూడా మర దగ్గరే. దీనికి తోడు బోరు నీళ్ళలోని సున్నం ప్రతి సందులోనూ పేరుకుంటుంది. బయటికి కుళాయి తళతళలాడుతూనే ఉంటుంది. లోపల సంగతి పానా వేసేదాకా తెలియదు.

అక్కడ బాత్రూం కుళాయి మార్చడానికి పెద్ద వయసు మేస్త్రీ ఒకాయన వచ్చారు. ఆయన కుళాయి మీద చెయ్యి కూడా వేయకుండా ముందు డాబా ఎక్కి, ట్యాంకు నీళ్ళు ఆపే గేట్ వాల్వ్ తిప్పి చూశారు. చక్రం తిరిగింది గానీ నీళ్ళు ఆగలేదు. ఏళ్ళ తరబడి ఎవరూ కదపని గేట్ వాల్వ్ సాధారణంగా ఇలాగే ఉంటుంది. లోపలి పలక కిందికి దిగేచోట పొలుసు కట్టి పూర్తిగా మూసుకోదు. ఇక చేసేదేముంది, ట్యాంకు ఖాళీ చేయాల్సి వచ్చింది. బకెట్లు, డ్రమ్ములు, చివరికి వంటగిన్నెలు కూడా నింపుకున్నాం. ఎలాగూ ట్యాంకు ఖాళీ అయింది కదా అని ఆ గేట్ వాల్వ్ తీసి బాల్ వాల్వ్ వేయించాం. అది పావు చుట్టు తిప్పితే మూసుకుంటుంది, పిడి చూస్తేనే తెరిచి ఉందో మూసి ఉందో తెలుస్తుంది. కుళాయి పని ఇంకా మొదలే కాలేదు, అప్పటికే మధ్యాహ్నం భోజనాల వేళైంది.

ఆ తర్వాత అసలు కథ. మధ్యలో ఒకసారి బాత్రూంకి పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అతికించారు. దాంతో గోడలో కుళాయి బిగించే ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, ఇంకా లోపలికి పోయింది. కుళాయి మర అందదు కాబట్టి మధ్యలో ఇత్తడి ఎక్స్‌టెన్షన్ నిపుల్, అంటే మర ఉన్న పొట్టి గొట్టం ముక్క ఒకటి పెట్టారు. ఆ నిపుల్ మందం తక్కువ. మేస్త్రీ మెల్లగానే తిప్పారు, కుళాయి చేతికొచ్చింది, నిపుల్ మాత్రం విరిగి సగం ఎల్బోలోనే ఉండిపోయింది.

ఆ ముక్కను ఆయన తీసిన పద్ధతి చెప్పుకోవాలి. హాక్సా బ్లేడు ఒక్కదాన్నే గుడ్డ చుట్టి పట్టుకుని, ముక్క లోపలి నుంచి బయటివైపుకి రెండు చోట్ల గాటు పెట్టారు. గాటు ఇత్తడిని దాటి ఎల్బో మరకు తగలకూడదు. ఎంత లోతు కోశారో కంటికి కనపడదు, చేతికి తెలియాలి. తర్వాత చిన్న ఉలితో ఆ గాట్ల మధ్య భాగాన్ని లోపలికి మడిచారు. బిగువు సడలి ముక్క బయటికి వచ్చింది. దీనికి ఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టు కూడా ఉంటుంది గానీ, పట్టేసిన ముక్కను దానితో బలంగా తిప్పితే ఆ బలమంతా గోడలోని ఎల్బో మీదికి పోతుంది. ఆయన దాన్ని వాడనన్నది అందుకే.

ముక్క వచ్చింది గానీ ఎల్బో మరే తినేసి ఉంది. అందులో ఎంత టేపు చుట్టి బిగించినా గోడ లోపల కారుతూనే ఉంటుంది. కాబట్టి టైల్ పగలగొట్టి ఎల్బో మార్చక తప్పలేదు. ఆ టైల్ డిజైన్ షాపుల్లో ఎప్పుడో ఆగిపోయింది. చివరికి ఆ వరుస మొత్తానికి వేరే రంగు టైల్స్ పెట్టించాం. మేస్త్రీ అదే రోజు గోడ మూసేయలేదు. నీళ్ళు వదిలి రాత్రంతా అలాగే ఉంచి, తెల్లారి కొత్త ఎల్బో చుట్టూ చేత్తో తడిమి, తడి లేదని చూసుకున్నాకే సిమెంటు పెట్టారు. కుళాయి కంటే కూలే ఎక్కువైందని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. నేనైతే ఒప్పుకోను. ఆయన తొందరపడి అదే రోజు మూసేసి ఉంటే ఆరు నెలలకు పక్క గదిలో పెయింటు ఉబ్బేది, అప్పుడు గోడే తవ్వాల్సి వచ్చేది. మంచి మేస్త్రీకి ఇచ్చే కూలిలో ఆ ఓపికకు కూడా ఖరీదు ఉంటుంది, దాని మీద బేరమాడటం నాకు నచ్చదు.

బండి విషయంలోనూ ఇదే. ముందు చక్రం బ్రేకు ఆయిల్ మార్చడం కాగితం మీద చాలా చిన్న పని. హ్యాండిల్ దగ్గర చిన్న డబ్బా, దాని మూతకు రెండు స్క్రూలు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి దాదాపు రెండేళ్ళకోసారి మార్చమని కంపెనీలే చెబుతాయి. మా తమ్ముడి బండికి ఆ రెండు స్క్రూలే రాలేదు. స్క్రూ ఉక్కు, డబ్బా అల్యూమినియం. వానలో తడిసి తడిసి రెండూ పట్టేశాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం స్టార్ అని పిలిచే స్క్రూడ్రైవర్ సాధారణంగా ఫిలిప్స్ రకం. అమెరికాలో 1936లో పేటెంట్ వచ్చిన డిజైన్ అది. జపాన్ డిజైన్ బళ్ళలో మాత్రం జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం స్క్రూలు ఉంటాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ గాడి ఆకారంలో తేడా ఉంది. ఫిలిప్స్ మొన ఆ గాడిలో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి గాడి అంచుల్ని నున్నగా చేసేస్తుంది. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే జేఐఎస్ మొన ఉన్న డ్రైవరే వాడండి. పట్టేసిన స్క్రూకి ముందు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కొంతసేపు ఆగాలి. తర్వాత సరైన డ్రైవర్ నిలువుగా పెట్టి వెనక సుత్తితో చిన్నగా తట్టాలి. ఆ అదురుకే పట్టు సడలుతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కూడా ఉంటుంది, కానీ బ్రేకు డబ్బా లాంటి పలచటి చోట దానితో జాగ్రత్త. మా తమ్ముడి బండికి ఒక స్క్రూ తట్టడంతోనే వచ్చింది, రెండోదాని తల మెకానిక్ డ్రిల్ వేసి తీశాడు. బ్రేకు ఆయిల్ పెట్రోల్ ట్యాంకు మీద పడితే పెయింటు లేచిపోతుంది, ముందే తడిగుడ్డ కప్పుకోవాలి.

ఇంజిన్ పాత ఆయిల్ దించే బోల్టుదీ ఇదే బాధ. బోల్టు ఉక్కు, అది దిగే చోటు అల్యూమినియం. సర్వీసు చేసిన ప్రతివాడూ కారకూడదని ఇంకాస్త ఎక్కువ బిగిస్తూ పోతే, ఒకరోజు బోల్టుతో పాటు అల్యూమినియం మర కూడా తీగలా చుట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు కొత్త బోల్టు కొన్నా లాభం లేదు. కొత్త మర కోయించి లోపల ఇన్సర్ట్ అనే మర తొడుగు వేయించాలి. ఆ పని తెలిసినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి, ఎందుకంటే కోసిన పొట్టు ఇంజిన్‌లో మిగిలిపోతే అంతకంటే పెద్ద ఖర్చు.

ఫ్యాన్ కండెన్సర్ సంగతి కూడా ఒక్కమాట, దీన్ని చాలామంది సొంతంగా చేస్తారు కాబట్టి. 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటే అదే విలువది వేయాలి, స్పీడు కోసం పెద్దది వేస్తే మోటారు వేడెక్కుతుంది. కండెన్సర్ మార్చడం కష్టం కాదు. పాత వైరు పైపొర ఎండిపోయి ముట్టుకుంటే రాలిపోవడం, దాన్ని కోసి మళ్ళీ కలుపుదామంటే సీలింగ్‌లోంచి బెత్తెడు వైరు కూడా బయటికి లేకపోవడం, అదీ కష్టం. అప్పుడు పైపులో స్ప్రింగు వేసి కొత్త వైరు లాగాలి. ఇంకోటి, స్విచ్ ఆపేశాం కదా అని ఎప్పుడూ చెయ్యి పెట్టొద్దు. కొన్ని ఇళ్ళలో స్విచ్ ఫేజుకి (కరెంటు వచ్చే వైరుకి) కాకుండా న్యూట్రల్‌కి (కరెంటు తిరిగి వెళ్ళే వైరుకి) కలిపి ఉంటుంది. ఫ్యాన్ ఆగుతుంది, కరెంటు మాత్రం వైర్లో ఉంటుంది. ఎంసీబీ దింపి, టెస్టర్ పెట్టి చూశాకే మొదలుపెట్టండి. ముందు ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో వేరే ప్లగ్గులో చూసుకోండి.

ఇప్పుడు మీ కుళాయి. ఏదైనా విప్పేముందు అది ఎక్కడ కారుతోందో చూడండి. నీళ్ళు నోటిలోంచి చుక్కలుగా పడుతుంటే కుళాయి మొత్తం మార్చక్కర్లేదు. పాత రకమైతే లోపలి వాషర్, పావు చుట్టు తిరిగే రకమైతే పిడి కింద ఉండే స్పిండిల్ అనే తిరిగే భాగం మారిస్తే చాలు. దానికి గోడలో మరతో పనే లేదు. స్పిండిల్ తిప్పేటప్పుడు ఒక చేత్తో కుళాయి ఒంటిని ఇంకో పానాతో కదలకుండా పట్టుకోండి, లేకపోతే కుళాయే తిరిగి గోడలో మర కదులుతుంది. పాత స్పిండిల్ చేతిలో పెట్టుకునే షాపుకి వెళ్ళండి. పొడవు, పైన పళ్ళ లెక్క కంపెనీకో రకంగా ఉంటాయి, ఫోటో చూపిస్తే సరిపోదు. స్పిండిల్ కూర్చునే చోట తెల్లగా సున్నం కట్టి ఉంటే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి తీయండి.

గోడ దగ్గర మరలోంచి కారుతుంటే మాత్రం ఊడదీయాల్సిందే. మీది ఈ పదిహేనేళ్ళలో కట్టిన అపార్ట్‌మెంట్ అయితే గోడలో సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు ఉండే అవకాశం ఎక్కువ. అందులో ప్లాస్టిక్ ఎల్బో లోపల ఇత్తడి మర బిగించి ఉంటుంది. మరీ బలం పెడితే ఆ ఇత్తడి భాగమే ప్లాస్టిక్‌లో తిరిగిపోతుంది. మీకు బయట ఏమీ తెలియదు, గోడ లోపల కారడం మొదలవుతుంది. కాబట్టి మామూలు బలానికి రాకపోతే అక్కడే ఆపి ప్లంబర్‌కి ఫోన్ చేయండి. తేలిగ్గా వస్తే, కొత్తదానికి టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే చుట్టండి. కుళాయి నిటారుగా వచ్చే చోటు దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయొద్దు, అక్కడ కారుతుంది. మొత్తం విప్పి, టేపు కొత్తగా చుట్టి మళ్ళీ బిగించండి.

ఆదివారం మాత్రం పెట్టుకోకండి. అపార్ట్‌మెంట్లలో ఒక్కోసారి ఒకే వాల్వ్ మీద రెండు మూడు ఫ్లాట్లు ఉంటాయి, ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు. మధ్యలో నిపుల్ కావాల్సొస్తే మా వైపు హార్డ్‌వేర్ షాపులు చాలావరకు మూసి ఉంటాయి. మామూలు రోజు పొద్దున్నే వాల్వ్ మూసి చూడండి. అది మూసినా కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తూనే ఉంటే, ఆ రోజుకి మీ పని కుళాయి కాదు, వాల్వ్.