రిపోర్టులో ‘ఎన్‌డీఎం పాజిటివ్’ అని ఉంది, భయపడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు. పెళ్ళయినప్పటినుంచీ చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. మా నాన్నగారికి ఇక్కడే పేగు ఆపరేషన్ చేయించాం. ఐసీయూలో ఉండగా చలిజ్వరం వచ్చింది. బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగిందనీ, దానిమీద మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పనిచేయదనీ అన్నారు. రిపోర్టు చివర ‘ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 పాజిటివ్’ అని ఉంది. జలుబుకి కూడా మాత్ర వేసుకోని మనిషాయన. ఆయన ఒంటికి మందులు పట్టకపోవడమేమిటి? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ళకి అంటుకుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, మందుకి లొంగనిది మీ నాన్నగారి ఒళ్ళు కాదు, ఆయన రక్తంలో చేరిన బ్యాక్టీరియా. జీవితంలో ఒక్క యాంటీబయాటిక్ వాడనివాళ్ళకి కూడా ఇది రావచ్చు. ఆస్పత్రిలో చేతుల ద్వారా, పరికరాల ద్వారా ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. మెడ దగ్గర పెట్టే సెంట్రల్ లైన్ అనే గొట్టం గుండానో, ఆపరేషన్ అయిన పేగు నుంచో రక్తంలోకి దిగుతుంది.

పెన్సిలిన్ దగ్గర్నుంచి మెరోపెనెమ్ దాకా ఈ కుటుంబం మందులన్నిటిలో బీటా-ల్యాక్టమ్ అనే చిన్న వలయం ఉంటుంది. మందు పనిచేసేది దానితోనే. ఆ వలయాన్ని తెంచే, బ్యాక్టీరియా తయారుచేసే ఎంజైమ్‌లనే బీటా-ల్యాక్టమేజ్‌లంటాం. మీ రిపోర్టులో ఉన్న ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 అలాంటివే. పెన్సిలిన్‌ని పాడుచేసే ఎంజైమ్ గురించి 1940లోనే రాశారు, అప్పటికింకా పెన్సిలిన్ రోగుల వాడకంలోకే రాలేదు. మనం కొత్త మందు తెచ్చినప్పుడల్లా దాన్ని తెంచే ఎంజైమ్ కూడా పైకి వచ్చింది. ఎన్‌డీఎం 2008లో, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్ళిన రోగి దగ్గర దొరికింది. 2010లో వచ్చిన పెద్ద పరిశోధనా పత్రంలో మన చెన్నై నమూనాలూ ఉన్నాయి. దీని జన్యువు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ ముక్క మీద ఉంటుంది కాబట్టి ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి కూడా వెళ్ళిపోతుంది.

ఇలాంటి ఎంజైమ్ ఉందో లేదో మా ల్యాబ్‌లో ఎలా చూస్తామో చెప్తాను. రోగి రక్తంలో పెరిగిన బ్యాక్టీరియాని ద్రవంలో కలిపి, అందులో మెరోపెనెమ్ బిళ్ళ వేసి నాలుగు గంటలు ఉంచుతాం. తర్వాత ఆ బిళ్ళని తీసి, మందుకి తేలిగ్గా చచ్చే ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద పెడతాం. మందు మిగిలుంటే మర్నాడు బిళ్ళ చుట్టూ వెడల్పుగా ఖాళీ కనిపించాలి. ఎంజైమ్ మందుని తినేసి ఉంటే ఈ.కోలై బిళ్ళ అంచుదాకా పెరిగిపోతుంది. ఏ ఎంజైమో తేల్చడానికి మళ్ళీ వేరే పరీక్ష చేస్తాం.

ఆ ఎంజైమ్ పేరు ఎందుకు ముఖ్యమంటే, దాన్నిబట్టే మందు మారుతుంది. ఎన్‌డీఎం మెరోపెనెమ్‌ని తెంచుతుంది గానీ అదే కుటుంబంలోని అజ్‌ట్రియోనామ్ అనే మందుని తెంచలేదు. అయితే అదే బ్యాక్టీరియాలో సాధారణంగా ఉండే ఈఎస్‌బీఎల్ అనే ఎంజైమ్‌లు ఆ పని చేసేస్తాయి. వాటినీ ఓఎక్స్‌ఏ-48నీ అవిబాక్టమ్ అనే మందు అడ్డుకుంటుంది. అందుకే అవిబాక్టమ్ కలిసిన సెఫ్టజిడైమ్-అవిబాక్టమ్ అనే మందుతో పాటు అజ్‌ట్రియోనామ్ కలిపి ఇస్తారు. ఖరీదు ఎక్కువే. కొలిస్టిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇస్తున్నట్టయితే అది కిడ్నీల మీద పడుతుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో ఎంత ఉందో రోజూ అడగండి. ‘సెఫ్టజిడైమ్-అవిబాక్టమ్, అజ్‌ట్రియోనామ్ రెండూ కలిపి ఇవ్వడం గురించి ఆలోచించారా?’ అని డాక్టర్లని అడగడం మీ హక్కు, మొహమాటపడకండి. సెంట్రల్ లైన్ ఇంకా అవసరమా అని కూడా అడగండి.

మళ్ళీ కల్చర్‌కి రక్తం తీస్తుంటే ‘ఇంత రక్తమెందుకు?’ అని ఆపకండి. పెద్దవాళ్ళకి ఒక్కో సీసాకి 8 నుంచి 10 మి.లీ. కావాలి. రెండు మూడు మి.లీ. మాత్రమే ఉన్న సీసాలు వస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. రక్తంలో బ్యాక్టీరియా ఉన్నా దొరకకుండా పోవచ్చు.

పిల్లల సంగతి: ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి తాతగారిని ముట్టుకున్నంత మాత్రాన రక్తంలో ఇన్ఫెక్షన్ రాదు. ఇంటికొచ్చాక కలిసి భోంచేయొచ్చు, పక్కన కూర్చోవచ్చు. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. ట్యూబులూ, కట్లూ ఉంటే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. జ్వరం తగ్గాక కూడా ఈ బ్యాక్టీరియా ఆయన పేగుల్లో నెలల తరబడి ఉండొచ్చు, దానికంటూ మందు వాడక్కర్లేదు. కాకపోతే మళ్ళీ ఏ ఆస్పత్రికి వెళ్ళినా, నెల్లూరులో అయినా సరే, ఈ కల్చర్ రిపోర్టు కాపీ చేరిన రోజే చూపించండి.