హా లాంగ్ బే డే క్రూజ్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లొచ్చా?

కూకట్‌పల్లి నుంచి అమ్మగారితో డిసెంబర్‌లో వియత్నాంలోని హనోయ్ వెళ్తున్నామని, అక్కడి నుంచి హా లాంగ్ బేకి పోతే పడవలో ఆవిడకు వాంతులవుతాయేమో, మెట్లు ఎక్కలేరేమో అని అడిగారు కదండీ. పోయినేడు మా అమ్మను తీసుకెళ్లాను, నాదీ ఇదే టెన్షన్. ధైర్యంగా వెళ్లండి.

బేలోని ఆ వేలాది సున్నపురాయి దీవులు గోడల్లా అలల్ని ఆపేస్తాయి. నీళ్లు మన హుస్సేన్ సాగర్‌లా నిలకడగా ఉంటాయి. అసలు తిప్పలు రోడ్డు మీదే: హనోయ్ నుంచి హైవేలో వెళ్లినా దాదాపు రెండున్నర గంటలు. వాంతుల మాత్ర బస్సెక్కే ముందే వేయండి, ముందుగా డాక్టర్‌ని అడిగి.

టి టాప్ దీవి పైకి 400 మెట్ల దాకా ఉంటాయి. అమ్మగారిని కింద ఇసుకలో కూర్చోబెట్టండి. సుంగ్ సోట్ గుహలోనూ మెట్లు ఎక్కువే, మానేయండి. లువోన్ గుహ మాత్రం వదలొద్దు. వెదురు పడవలో కూర్చుంటే పడవవాళ్లే తెడ్డు వేస్తారు. తల మీద తక్కువ ఎత్తులోనే రాయి, అది దాటగానే చుట్టూ కొండలు, మధ్యలో పచ్చటి నీళ్లు. మా అమ్మ అక్కడ చాలాసేపు మాట్లాడలేదు. పడవ మారేటప్పుడు మాత్రం చెయ్యి వదలకండి.

శాకాహారులైతే బుకింగ్‌లోనే 'ఆన్ చాయ్' (వియత్నాం భాషలో శాకాహారం) అని రాయించండి, చేపల సాస్ వద్దని విడిగా చెప్పండి. కరివేపాకు పొడి పొట్లం ఎలాగూ ఉండాలి. ఈ-వీసా కనీసం మూడు వారాల ముందే పెట్టేయండి.